పాత థ్రెడ్డుకి ఆర్నెల్ల తాళం: ఎక్కడ పుట్టింది, మన గుంటల దాకా ఎట్టా వచ్చింది

మా రొయ్యల రైతుల ఆన్‌లైన్ గ్రూపులో రెండు వారాలుగా ఒకటే రచ్చ. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రేటు గురించి కాదు, మేత ధర గురించీ కాదు. పాత చర్చల (థ్రెడ్డుల) కింద ఇప్పుడు జవాబు రాయనివ్వాలా, వద్దా అని. వినేవాళ్ళకి పనీపాటా లేని గొడవలా ఉంటుంది. నాకూ మొదట అట్టాగే అనిపించింది. పైగా ఆర్నెల్లు దాటిన చర్చ కింద ఎవరూ రాయకుండా తాళం వేసింది నేనే, గ్రూపు చూసుకునే ముగ్గురిలో నేనొకణ్ణి కాబట్టి.

సంగతేమిటంటే, విడవలూరు వైపు రైతు ఒకాయన ఫోటో పెట్టాడు. గాలివాటుకి గుంట మూలన, కట్ట వారగా, నీళ్ళ మీద తెల్లటి సన్నటి పోగులు తేలుతున్నాయి. రెండో ఫోటోలో చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం), అందులోనూ అవే. రొయ్య పెంచేవాళ్ళకి అది చూస్తే గుండె జారుతుంది. వైట్ గట్, రొయ్య పేగు తెల్లబడి రెట్ట తెల్ల పోగులుగా తేలే జబ్బు. ఫోటో కింద ఇలా రాశాడు: "2021 థ్రెడ్డులో చెప్పినట్టే చేశానన్నా. మేత సగానికి కోశా, అందులో చెప్పిన ప్రొబయాటిక్ మేతకి పట్టించి వేశా. పదిరోజులైంది. ఇంకా తేలతానే ఉండాది."

ఆ పాత థ్రెడ్డు తీసి చదివాం. ఏప్రిల్లో ఒక రైతు ఇదే సమస్య అడిగాడు, నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు, ఒకాయన మాత్రం కొలతలతో సహా చాలా ధీమాగా చెప్పాడు. అడిగినాయన చివరి మాట: "సరే అన్నా, రేపట్నుంచి వేస్తా. ఎట్టుందో చెప్తా." దాని కింద తాళం బొమ్మ. ఆ ఎట్టుందో అనేది ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కానీ ఈ ఇన్నేళ్ళలో వెతుక్కుంటూ వచ్చి ఆ పేజీ చదివిన ప్రతివాడూ "సరే అన్నా"ని "పనిచేసింది అన్నా" అని చదువుకున్నాడు.

అప్పుడు ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగాడు: "ఆర్నెల్లని ఎవరు చెప్పారబ్బయ్యా నీకు? మూడు నెలలు కాదు, ఏడాది కాదు, ఆర్నెల్లేంది?" నా దగ్గర జవాబు లేదు. పెద్ద పెద్ద సైట్లు అంతే పెట్టుకున్నాయి కదా అని నేనూ పెట్టా, అంతే. అప్పుడు కూర్చుని దీని వెనక కథంతా తవ్వాను.

మొదట్లో పాత మాటకి జవాబు రాయకూడదనే నియమమే లేదు, ఎందుకంటే పాత మాట అనేదే మిగిలేది కాదు. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్ అనే ఏర్పాటుకి రూపం ఇచ్చారు, మరుసటి ఏడాది అది నడక మొదలుపెట్టింది. ఒక ఊరి కంప్యూటరు ఇంకో ఊరి కంప్యూటరుకి ఫోన్ చేసి ఆరోజు వచ్చిన ఉత్తరాల్ని అందించేది, అది ఇంకోదానికి అందించేది. చదివేవాళ్ళు రాసేవాళ్ళు పెరిగేకొద్దీ డిస్కులో చోటు చాలక, ఎక్కడికక్కడ పాత ఉత్తరాల్ని కొన్ని రోజులకో వారాలకో చెరిపేసేవాళ్ళు. మీరు జవాబు రాసేటప్పటికి ప్రశ్న అవతలివాడి దగ్గర ఉందో పోయిందో తెలియదు. అందుకే ఎదుటివాడి మాటని ముందు ఎత్తిరాసి, దాని కింద మన మాట రాసే అలవాటు అక్కడ బలపడింది. ఇవాళ వాట్సాప్‌లో ఒక మెసేజీని పక్కకి లాగి రిప్లై కొడితే పైన బూడిదరంగు పెట్టెలో పాత మాట కనిపిస్తుంది చూడండి, దాని ముత్తాత అదే.

అంటే మొదటి తాళం మర్యాద కోసం వేసింది కాదు. చోటు లేక పడింది.

తర్వాత ఆ చోటు కరువు తీరింది. 1995లో డేజాన్యూస్ అనే కంపెనీ యూజ్‌నెట్ ఉత్తరాల్ని దాచి, వెతుక్కునేటట్టు పెట్టింది. మన దేశంలో అప్పటి సర్కారు కంపెనీ వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది కూడా ఆ ఏడాదే, ఆగస్టు 15న. 2001లో గూగుల్ ఆ నిల్వని కొనేసింది, ఏడాది చివరికల్లా 1981 నుంచి దొరికిన ఉత్తరాలన్నీ జనానికి తెరిచింది. రాసినవాళ్ళు ఎప్పుడో పోయాయనుకున్న మాటలు లేచి కూర్చున్నాయి. పాత మాట మిగలడం మొదలైంది కాబట్టే పాత మాటతో పేచీ కూడా మొదలైంది.

ఆ పేచీకి అసలు మూలం చిన్న లెక్క. 2000 తర్వాత వచ్చిన చర్చా వేదికలు చాలావరకు ఒకే పద్ధతిలో నడిచాయి: ఎవరు చివరగా రాస్తే ఆ థ్రెడ్డు పైకొస్తుంది. కొత్త మాటలు నడుస్తున్నంతసేపు ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఎవడో ఒకడు నాలుగేళ్ళ నాటి ప్రశ్న కింద "థాంక్స్ బ్రో" అని కొడతాడు. అంతే, ఆ శవం లేచి మొదటి పేజీలో నిలబడుతుంది, పొద్దున అడిగిన అసలు ప్రశ్న రెండో పేజీలోకి జారిపోతుంది. జనం తేదీ చూడరు. నలుగురు పరిగెత్తుకొచ్చి, ఎప్పుడో గుంట ఎండగట్టేసిన మనిషికి సలహాలు చెప్తారు. దీనికి ఇంగ్లీషులో నెక్రోపోస్టింగ్ అని పేరు పెట్టారు, చచ్చినదాన్ని లేపడం అని. తిట్టు అలా పుట్టింది, తిట్టు వెనకాలే రూలు పుట్టింది.

ఇంకో కారణం స్పామ్. పాత పేజీల మీద ఎవరి కన్నూ ఉండదు, కాబట్టి మందుల లింకులు, జూదం లింకులు అక్కడ అంటించిపోయేవాళ్ళు. వెతుకులాటలో పైకి రావడానికి అదొక దొంగదారి. 2005 జనవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి అలా అంటించిన లింకులకి విలువ ఇవ్వకుండా ఒక గుర్తు తెచ్చాయి. 2008 చివర్లో బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్‌లో ఒక సెట్టింగు వచ్చింది: ఇన్ని రోజులు దాటిన రచనలకి వ్యాఖ్యలు మూసెయ్. ఆ గడిలో ముందే నింపి ఉన్న అంకె 14. నచ్చితే మార్చుకోవచ్చు, కానీ గడిలో ఉన్న అంకెని మార్చేవాళ్ళు ఎందరుంటారు? నా ఆర్నెల్లూ ఆ బాపతే.

ఆర్నెల్లు మాత్రం రెడ్డిట్ అనే చర్చల సైటు నుంచి జనానికి అలవాటైంది. 2005లో పుట్టిన ఆ సైటులో చాలాకాలం ఆర్నెల్లు దాటిన పోస్టు కింద మాట రాయడానికి లేదు, వోటు వెయ్యడానికీ లేదు. 2021లో వాళ్ళే ఆ పట్టు వదిలారు. మూయాలో వద్దో ఆయా గుంపుల్ని నడిపేవాళ్ళ ఇష్టం అన్నారు. తమాషా ఏమిటంటే మా 2021 థ్రెడ్డుకి నా తాళం పడింది సరిగ్గా ఆ రోజుల్లోనే. వాళ్ళు వదిలేసిన రూలుని నేను ఇక్కడ కాపలా కాస్తున్నా.

అసలు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినవాళ్ళు కూడా ఉన్నారు. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టిన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్న-జవాబుల సైటులో పాతబడిందన్న ఒక్క కారణంతో ప్రశ్నని మూయరు. అరవై రోజులు దాటిన ప్రశ్నకి జవాబు రాసి, దానికి ఐదు పాయింట్లు వస్తే ఒక బ్యాడ్జీ ఇస్తారు. దాని పేరు నెక్రోమాన్సర్, చచ్చినవాళ్ళతో మాట్లాడే మంత్రగాడు. పక్క సైట్లలో తిట్టు, ఇక్కడ బిరుదు. అక్కడ ప్రశ్న ఒక మనిషిది కాదు, తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్ళందరిదీ అనేది లెక్క. ఆ ఆట్‌వుడ్డే తర్వాత చర్చా వేదికలు నడిపే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్ తయారీలో పాలుపంచుకున్నాడు, 2013లో అది వచ్చింది. అందులో పాత థ్రెడ్డులో రాయబోతే "ఇది చాలాకాలంగా కదలని చర్చ, నిజంగా లేపాలా?" అనే అర్థంలో ఒక హెచ్చరిక పడుతుంది. తలుపు మూయకుండా, గడప దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టినట్టు.

మనవాళ్ళ సంగతికొస్తే, మనకి ఈ గొడవ ఆలస్యంగా రావడానికి కారణం ఉంది. ఒంగోలు నెట్ సెంటర్లో గంటకింతని కట్టి ఆర్కుట్ అనే సోషల్ సైటు కమ్యూనిటీల్లో కొట్టుకున్న రోజులు నాకు బాగా గుర్తు. ఆ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతబడింది. తెలుగువాళ్ళు ఏళ్ళ తరబడి రాసుకున్న యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా పోయాయి, పాత ఉత్తరాల్ని అంతకుముందే తీసేశారు. ఈలోగా ఊరూవాడా చేరింది వాట్సాప్‌లో. అక్కడ థ్రెడ్డు అనేదే లేదు, అంతా ఒకే కాలవ, పారిపోతూనే ఉంటుంది. ఒక మెసేజీకి గురిపెట్టి రిప్లై ఇచ్చే వీలే 2016లో గానీ రాలేదు. ఫోన్ మార్చి బ్యాకప్ మర్చిపోతే మీ మటుకు అంతా పోయినట్టే. అందుకే మనకి పాత ప్రశ్నని వెతకడం అలవాటు కాలేదు, మళ్ళీ అడగడం అలవాటైంది. వైట్ గట్ గురించి మా పాత వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు అడిగారో దేవుడికే తెలియాలి. అది భరించలేకే మాట మిగిలే చోటుకి మారాం. మారి, మళ్ళీ తాళం వేశాం.

తాళం ఉంచమనేవాళ్ళది ఒట్టి మొండితనం కాదు. మన దగ్గర పాత సలహా నిజంగానే ప్రమాదం. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి తూర్పు తీరమంతా ఊడ్చేసినప్పుడు గుంటల్లో ఉన్నది టైగర్ రకం రొయ్య. 2009 నుంచి వనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చాక లెక్కలన్నీ మారిపోయాయి. టైగర్ పిల్లని పలచగా వేసేవాళ్ళు, వనామీకి చదరపు మీటరుకి అరవై పిల్ల దాకా పరిమితి. ఏరేటర్లు వేరు, మేత వేరు, జబ్బులు వేరు. టైగర్ కాలం నాటి మాటని వనామీ గుంటలో పోస్తే ఇల్లు గుల్ల. యాంటీబయాటిక్‌ల సంగతి ఇంకా ఘోరం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి రొయ్యల పెంపకంలో నిషేధం, వాటి ఆనవాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఏదో మూల ఎవరో అమాయకంగా రాసిన పాత కొలత మళ్ళీ పైకి లేస్తే ఎట్టా అని వాళ్ళ భయం. న్యాయమైన భయమే.

కానీ ఇక్కడే నేను తప్పులో కాలేశాను. తాళం వేస్తే పాత మాట మాయం కాదు, అక్కడే కనిపిస్తూ ఉంటుంది. తాళం ఆపేది "అయ్యా, ఇది చెయ్యొద్దు, ఇప్పుడు నిషేధం" అని దాని కింద రాసేవాణ్ణి మాత్రమే. చెడ్డ సలహాకి నేను కాపలా కుక్కనైనట్టు లెక్క.

రెండోది మన క్యాలెండరు. వనామీ పంట మూడు, నాలుగు నెలలు. ఏప్రిల్లో జబ్బు గురించి అడిగినవాడికి ఆ పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యేసరికి జూన్, జూలై. గుంట ఎండగట్టి, అడుగు మట్టి తీసి, మళ్ళీ పిల్ల వేసి, అదే మందు రెండో పంటలో పనిచేసిందో లేదో తేలేసరికి నా ఆర్నెల్లు ఎప్పుడో దాటిపోయాయి. పొగాకు రైతులదీ ఇదే బాధ. అక్టోబరు, నవంబరులో నాటు వేసేటప్పుడు అడిగిన ప్రశ్నకి అసలు జవాబు కందుకూరులోనో కొండపిలోనో వేలం ప్లాట్‌ఫాం మీద పొగాకు బేలు (కట్ట) పెట్టినప్పుడు తెలుస్తుంది. ఏప్రిల్లో తాళం పడితే వేలాలు ఇంకా నడుస్తుంటాయి. సాఫ్ట్‌వేర్ ప్రశ్నకి ఆర్నెల్లంటే యుగం, గుంటకి ఆర్నెల్లంటే ఒకటిన్నర పంట.

అన్నిటికీ తాళం తీసెయ్యమని నేను అనను. పోయినేడాది ముందు ఏడాది ఒక తూకం గొడవ నడిచింది, పట్టుబడి రోజు కాటాలో తేడా వచ్చిందని ఒకరు, రాలేదని ఒకరు, మధ్యలో రెండు కుటుంబాలు. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని తెంచారు, ఇప్పుడు వాళ్ళ పిల్లలు ఒకే ఆటోలో స్కూలుకి పోతున్నారు. దాన్ని కెలికే అవకాశం ఎవడికీ ఇవ్వను. సీడ్ (రొయ్య పిల్ల) అమ్మకాలు, పాత ఏరేటర్ల బేరాలు కూడా అంతే, వారం దాటితే వాటికి అర్థం లేదు. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళు మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ముగిసిన చర్చల్ని పక్కన భద్రపరిచి, కొత్త మాటని కొత్త విభాగంలో మొదలుపెట్టిస్తారు, కొన్నింటికి ఆ పద్ధతే మేలు.

చివరికి మొన్న ఆదివారం ముగ్గురం కూర్చుని జబ్బులు, మేత, నీళ్ళు, సీడ్ నాణ్యత మీద ఉన్న థ్రెడ్డులన్నింటికీ తాళం తీసేశాం. ఏడాది దాటినదాని మీద ఎర్ర అక్షరాల్లో తేదీ, టైగరా వనామీనా అన్నది పైనే కనిపించేట్టు పెట్టాం. "థాంక్స్ అన్నా" అని రాస్తే థ్రెడ్డు పైకి రాకుండా చేద్దామనుకున్నాం గానీ, దానికి మా కుర్రాడు ఇంకో వారం టైమడిగాడు.

తాళం తీసిన రాత్రి 2021 థ్రెడ్డు అడిగినాయన్ని వెతికి పట్టుకున్నాం. గ్రూపులోనే ఉన్నాడు, చాలాకాలంగా నోరు మెదపకుండా. తాళం ఉన్నందుకు అప్పట్లో రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాడట. పదకొండు దాటాక ఆ "ఎట్టుందో చెప్తా" కిందనే రాశాడు:

"వేశానన్నా. ఎనిమిది రోజులు తగ్గినట్టే ఉండింది, మళ్ళా మొదలైంది. ల్యాబులో ఈహెచ్‌పీ అన్నారు, రొయ్యని ఎదగనీయని సూక్ష్మజీవి జబ్బట. తొంభై కౌంట్ దగ్గర పట్టేశా, మేత డబ్బులు కూడా రాలా. ఆ గుంట ఇప్పుడు చేపలకిచ్చేశా."