చెత్త కిలోలో నీళ్లెంత?

వరికోతలు మొదలయ్యాయంటే నల్గొండ జిల్లాలో ఏ కొనుగోలు కేంద్రం దగ్గరైనా ఒకటే టెన్షన్: తేమ ఎంతొచ్చింది? 17 శాతం దాటితే వడ్లు మళ్లీ ఆరబోయాల్సిందే. తాలు, మట్టి ఎక్కువున్నా పేచీయే. వడ్లకు ఇంత లెక్క చూసే మనం, పొద్దున్నే ఆటోల్లో, ట్రాక్టర్లలో డంపింగ్ యార్డుకు పోయే చెత్తను మాత్రం ఇన్ని టన్నులని చెప్పుకొని ఊరుకుంటాం.

చెత్తకూ పరీక్షలున్నాయి. చిక్కల్లా నమూనా దగ్గరే. కూరగాయల మార్కెట్ చెత్త వేరు, కాలనీ చెత్త వేరు, బట్టల షాపుల చెత్త వేరు. అందుకే వేర్వేరు వార్డుల బండ్ల నుంచి తెచ్చి ఒకచోట కుప్ప పోస్తారు. బాగా కలిపి, చదునుగా పరిచి నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగిలిన రెండూ కలిపి మళ్లీ అదే పని. చివరికి మిగిలినదాన్ని తొక్కలు, కాగితం, ప్లాస్టిక్, గుడ్డ, గాజు, రాళ్లుగా ఏరి తూస్తారు. ముక్కు మూసుకుని చేసే ఈ పని సరిగా జరగకపోతే, తర్వాత ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా దండగే. ఒక్క సీజన్‌లో తీసిన నమూనా కూడా చాలదు. ఎండాకాలం ముంజకాయల డొప్పలు, కొబ్బరి బొండాలు. దసరా రోజుల్లో సీతాఫలం తొక్కలు, తంగేడు, గునుగు పూలు. కుప్ప స్వభావమే మారిపోతుంది.

తేమ లెక్క సులువు. చెత్తను తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెడతారు. తగ్గిన బరువే నీరు. మన పట్టణాల చెత్తలో అది మామూలుగా 40 నుంచి 60 శాతం. అంటే డీజిల్ పోసి మనం మోస్తున్నదాంట్లో సగం నీళ్లే! తడి ఎక్కువ కాబట్టి మన చెత్త ముందే బరువుగా, దట్టంగా ఉంటుంది. అట్టపెట్టెలు, ప్యాకింగ్ ఎక్కువుండే పాశ్చాత్య దేశాల చెత్త గుల్లగా ఉంటుంది కనుక దాన్ని నొక్కే లారీలు అక్కడ బాగా పనికొస్తాయి. అదే లారీలో మన చెత్త వేసి నొక్కితే అంతగా కుదించుకుపోదు, నల్లటి నీళ్లు మాత్రం రోడ్డంతా కారతాయి.

కాల్చి కరెంటు తీద్దామంటే అసలు సమస్య ఇక్కడే. కిలో నీటిని మామూలు వేడి నుంచి ఆవిరి చేయడానికి 600 కిలోకేలరీలకు పైగా వేడి పడుతుంది. పూర్తిగా ఎండబెట్టిన చెత్త కిలోకు 3000 కిలోకేలరీలు ఇస్తుందనుకుందాం. సగం నీరున్న కిలోలో ఎండు సరుకు అరకిలోనే, దాని నుంచి వచ్చేది 1500. అందులో 300 నీటిని ఆవిరి చేయడానికే పోగా చేతికి 1200 మిగులుతుంది. మళ్లీ వాడుకోవడానికి పనికిరాని చెత్తలో కిలోకు 1500 కిలోకేలరీలు, అంతకు మించి ఉంటే పూడ్చకూడదని, ఇంధనంగా వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఎండబెట్టి కొలిస్తే 3000తో ఆ గీత దాటే చెత్తే, తడితో కొలిస్తే 1200తో దాని కిందే ఆగిపోతుంది. కాబట్టి ఎవరైనా ప్లాంటు పెడతామని పెద్ద అంకె చూపిస్తే అది ఎండబెట్టి కొలిచిందా, తడితో కొలిచిందా అని అడగాలి. నా అనుమానం ఎప్పుడూ ఆ అంకె మీదే.

బూడిద ఇంకో తలనొప్పి. చెలక నేలల ఊళ్లలో రోడ్లు ఊడ్చిన ఎర్రమట్టి, మోరీల్లో తీసిన పూడిక ఇంటి చెత్తతోనే బండెక్కుతాయి. మట్టి మండదు, కుళ్లదు. కొలిమిలో వేస్తే బూడిదగా మిగులుతుంది, కంపోస్టులో వేస్తే ఎరువు బరువు పెంచుతుంది.

సగం నీరున్న తొక్కలకు కంపోస్టే సరైన దారి. కార్బన్, నైట్రోజన్ 25-30కి 1 చొప్పున ఉంటే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి. వంటింటి చెత్తలో నైట్రోజన్ ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. అందుకే కూరగాయల వ్యర్థంలో రాలిన ఆకులు కలుపుతారు. నైట్రోజన్ మరీ ఎక్కువైతే అది అమ్మోనియాగా గాలిలో కలిసి ముక్కు పగిలిపోతుంది. ఎరువు తయారయ్యేసరికి ఈ నిష్పత్తి 20 లోపుకు రావాలి.

ఆ ఎరువు పొలానికి పోయే ముందు లోహాల పరీక్ష కూడా ఉంటుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టు కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. తడి చెత్తలో పగిలిన బ్యాటరీల నుంచి దిగిన లోహాన్ని ఏ జల్లెడా పట్టలేదు.