యూటా ఎర్రరాళ్లు: అందానికీ ఖనిజానికీ ఒకే పొర

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బేర్స్ ఇయర్స్, గ్రాండ్ స్టెయిర్‌కేస్–ఎస్కలాంటె అనే రెండు జాతీయ స్మారక ప్రాంతాల (కొత్త గనుల హక్కులకు వీల్లేకుండా రక్షించిన కేంద్ర భూముల) హద్దులు పాతికేళ్ల వ్యవధిలో నలుగురు అధ్యక్షుల సంతకాలతో మారాయి. రెండోదాన్ని 1996లో బిల్ క్లింటన్, మొదటిదాన్ని 2016లో బరాక్ ఒబామా ప్రకటించగా, 2017లో డొనాల్డ్ ట్రంప్ రెండింటినీ కుదించారు, 2021లో జో బైడెన్ మళ్లీ విస్తరించారు. వార్తల్లో ఇది రెండు పార్టీల తగవుగానే కనిపిస్తుంది. అయితే పార్టీలు పుట్టకముందే, మనిషే పుట్టకముందే, ఈ తగవుకు కావలసిన సరంజామా అంతా అక్కడి నేలలో సిద్ధమై ఉంది. ఏ రాతిపొరలు ఈ ఎడారికి ఇంతటి అందాన్ని ఇచ్చాయో, యురేనియం, బొగ్గు, పొటాష్ కూడా ఆ పొరల్లోనో, వాటిని ఆనుకునో ఉన్నాయి. ఒకదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని తీయడం కుదరదు.

యూటా, కొలరాడో, న్యూమెక్సికో, అరిజోనా రాష్ట్రాలు కలిసే చోట సుమారు 3,37,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న కొలరాడో పీఠభూమిలో ఈ ప్రాంతం ఒక భాగం. దీనికి తూర్పున రాకీ పర్వతాలు ముడుచుకుపోయి పైకి లేచాయి, పడమటి నేల సాగి ముక్కలుముక్కలుగా విరిగింది. నడుమనున్న ఈ పీఠభూమి మాత్రం సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట మొదలైన భూచలనాల్లో పెద్దగా నలగకుండా, పొరలు దాదాపు అడ్డంగానే ఉండగా పైకి లేచింది. అలా లేచిన నేలను కొలరాడో నదీ దాని ఉపనదులూ, ముఖ్యంగా గడచిన 50, 60 లక్షల ఏళ్లలో, లోతుగా కోసుకుంటూ పోయాయి. వాన తక్కువ కావడంతో చెట్టూచేమా పలచన, మట్టి కప్పు కూడా పలచన; అందువల్ల మరోచోట పచ్చదనం కింద దాగివుండే రాయి ఇక్కడ బయటికే కనిపిస్తుంది.

ఇక ఆకారాల సంగతికొస్తే, గట్టి ఇసుకరాయి నిలువు గోడలా నిలబడుతుంది, దాని కిందనుండే మెత్తని మట్టిరాయి వాలుగా జారుతుంది. కింది వాలు అరిగి ఆధారం పోయినప్పుడు పై గోడ తనలోని నిలువు పగుళ్ల వెంట విరిగి పడుతుంది. ఈ పని ఆగకుండా సాగితే విశాలమైన బల్లపరుపు మెట్ట క్రమంగా ఇరుకైన గుట్టగా, ఆపైన సన్నని స్తంభంగా మిగులుతుంది. అరిజోనా సరిహద్దులో, నవాహో తెగ అధీనంలో ఉన్న మాన్యుమెంట్ వ్యాలీ గుట్టలను దగ్గరనుంచి చూస్తే ఈ వరస మొత్తం తెలుస్తుంది: అడుగున ఆర్గన్ రాక్ అనే ఎర్రని మట్టిరాతి వాలు, దానిమీద డిషే ఇసుకరాతి నిలువు గోడ, ఆపైన మోయెన్‌కోపీ అనే పలచని పొరలు, కొన్ని గుట్టల నెత్తిన షినారంప్ అనే గులకరాతి మూత. ఆ మూత ఉన్నన్నాళ్లు గుట్ట త్వరగా అరగదు. ఈ షినారంప్ పేరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కథ మళ్లీ దాని దగ్గరికే వస్తుంది.

ఇక్కడి ఇసుకరాళ్లలో చాలావరకు ఒకప్పటి ఎడారి దిబ్బలే. యూటాలోని జయన్ జాతీయ పార్కు లోయలో రెండు వేల అడుగుల ఎత్తున నిలిచిన నవాహో ఇసుకరాయి సుమారు 19 కోట్ల ఏళ్ల కిందట గాలి పేర్చిన ఇసుక సముద్రం. రాతిమీద ఏటవాలుగా సాగే గీతలు ఆనాటి దిబ్బల వాలులు. ఇసుక రేణువులకు అంటిన ఇనుప ఆక్సైడు పలచని పూత వల్ల రాయికి ఎరుపు వచ్చింది, తర్వాతి కాలంలో భూగర్భ ద్రవాలు ఆ ఇనుమును కడిగేసిన చోట రాయి తెల్లబడింది. లాస్ వేగాస్‌లో కారు తీసుకుని జయన్, బ్రైస్, ఆంటిలోప్, మాన్యుమెంట్ వ్యాలీ చుట్టివచ్చే తెలుగు కుటుంబాల ఫొటోల్లో కనిపించే రంగులకు చాలావరకు ఈ ఇనుమే కారణం.

తగవుకు అసలు మూలం మాత్రం ఇసుకరాయిలో కంటే చిన్‌లీ అనే పొరలో ఉంది. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నదులు పారేవి, అడవులుండేవి, దూరపు అగ్నిపర్వతాల బూడిద వచ్చి పడేది. ఆ బూడిద కలిసిన బంకమట్టి నేడు ఊదా, బూడిద, లేత ఆకుపచ్చ రంగుల వాలులుగా కనిపిస్తుంది. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి పొడిపొడిగా రాలుతుంది. బూడిదలో అతి స్వల్పంగా ఉన్న యురేనియం ఆక్సిజన్ కలిసిన భూగర్భజలంలో కరిగి, పాత నదీమార్గాల ఇసుక, గులకల గుండా ప్రయాణించింది. ఆ మార్గాల్లో వరదలకు కొట్టుకొచ్చి పూడిపోయిన చెట్ల దుంగలు కుళ్లుతూ ఆక్సిజన్‌ను మింగేయగా, నీటిలోని యురేనియం అక్కడే గడ్డకట్టి పేరుకుంది. అందుకే చిన్‌లీ అడుగుభాగంలో, అంటే ఆ షినారంప్ గులకరాతిలోనూ దాని పరిసర పొరల్లోనూ, రాతిగా మారిన దుంగ కనిపించిన చోట రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్ మోగేది. గనుల వేటగాళ్లు కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయిన నదుల జాడ పట్టుకుని తవ్వేవారు. చిన్‌లీ పైనుండే వింగేట్ ఇసుకరాయి నిట్టనిలువు ఎర్రగోడగా నిలవడానికి కారణం కింద ఈ మెత్తని వాలు అరగడమే. కొండ అందంగా ఉన్న చోటే గని ఉండటం, నా దృష్టిలో, యాదృచ్ఛికం కాదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అణ్వాయుధాల కోసం యురేనియం అవసరమై, 1946లో ఏర్పడిన అణుశక్తి సంఘం ఏకైక కొనుగోలుదారుగా హామీ ధరలు ప్రకటించింది. 1952లో మోయాబ్ పట్టణానికి దక్షిణాన లిస్బన్ లోయలోని చిన్‌లీ పొరలో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు భారీ నిక్షేపం దొరకడంతో ఆ ఊరి ముఖచిత్రమే మారిపోయింది. పర్యాటకులు నేడు తిరిగే దారులు కొన్ని ఆనాటివే. బేర్స్ ఇయర్స్‌లోని సీడర్ మెసా అనే మెట్ట అంచునుంచి వెయ్యి అడుగులకు పైగా మలుపులు తిరుగుతూ దిగే మోకీ డగ్‌వే అనే కంకర రోడ్డును 1958లో టెక్సస్ జింక్ కంపెనీ వేసింది, హ్యాపీ జాక్ గనిలోని ముడి ఖనిజాన్ని మెక్సికన్ హ్యాట్ దగ్గరి శుద్ధి కర్మాగారానికి లారీల్లో దించడానికి. ఇప్పుడు ఆ మలుపుల్లో కార్లు ఆపి జనం మాన్యుమెంట్ వ్యాలీని ఫొటో తీసుకుంటారు.

మూల్యం చెల్లించిన వారిలో నవాహో తెగవారిది మొదటి వరస. 1944 నుంచి 1986 వరకు వారి నేలనుంచి సుమారు 3 కోట్ల టన్నుల ముడి ఖనిజం తవ్వారు. గాలి ఆడని సొరంగాల్లో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పీల్చిన గనికార్మికుల్లో ఎందరో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. మూసి సరిచేయకుండా వదిలేసిన గనులు 500కు పైనే. పరిహారం కోసం 1990లో గానీ కేంద్ర చట్టం రాలేదు, 2005లో నవాహో నేషన్ తన భూభాగంలో యురేనియం తవ్వకాన్నే నిషేధించింది. బేర్స్ ఇయర్స్ చర్చలో తెగల నాయకులు గనుల ప్రస్తావన రాగానే ఎందుకు అంత గట్టిగా మాట్లాడతారో ఈ చరిత్ర తెలియకపోతే అర్థం కాదు.

పడమటనున్న గ్రాండ్ స్టెయిర్‌కేస్ కథ బొగ్గుది. గ్రాండ్ కాన్యన్ అంచునుంచి ఉత్తరానికి రాతిగోడలు మెట్లుమెట్లుగా లేచే తీరును 1870లలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. ఆ మెట్లకు తూర్పునున్న కైపరోవిట్స్ మెట్ట, డైనోసార్ల చివరి యుగంలో ఖండాన్ని రెండుగా చీల్చిన సముద్రపు తీరప్రాంతం. తీరపు చిత్తడి అడవులు పూడి బొగ్గయ్యాయి. అమెరికా భూగర్భ సర్వే 1990లలో వేసిన అంచనా ప్రకారం అక్కడి బొగ్గు సుమారు 6,200 కోట్ల టన్నులు. అదే మెట్టలో, బొగ్గు పొరలకు పైనున్న రాళ్లలో 2010లో ప్రపంచానికి పరిచయమైన కాస్మోసెరటాప్స్ వంటి కొమ్ముల డైనోసార్లు దొరికాయి. అక్కడ 3,000 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన 1976లో వీగిపోయింది. 1990లలో ఆండలెక్స్ అనే కంపెనీ గనికి సిద్ధమవుతుండగా, 1996 సెప్టెంబరు 18న క్లింటన్ 17 లక్షల ఎకరాలను స్మారక ప్రాంతంగా ప్రకటించారు. ప్రకటన చేసిన చోటు యూటా కాదు, పొరుగునున్న అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ అంచు. అది ఎన్నికల ఏడాది. తమకు ముందుగా సరిగా చెప్పలేదన్న యూటా నాయకుల కోపం నేటికీ చల్లారలేదు, ఆ కోపం అకారణమని నేననలేను.

పొటాష్ సంగతి క్లుప్తంగా. మోయాబ్ దగ్గర 30 కోట్ల ఏళ్లనాటి మందపాటి ఉప్పు పొర, పైరాళ్ల బరువుకు, పలక కింద నొక్కిన పిండిముద్దలా పక్కలకు జరిగి ఉబ్బింది. ఆ ఉబ్బుకు పైనున్న ఇసుకరాయి బారులు తీరి పగిలి, ఆర్చెస్ జాతీయ పార్కులోని రెండు వేలకు పైగా కమానులకు దారి తీసింది. ఆ ఉప్పు పొరలోంచే, పార్కుకు అవతల, ఎరువుల కోసం పొటాష్ తీస్తున్నారు.

చట్టం విషయానికి వస్తే, ఇన్ని ప్రకటనలకూ ఆధారం 1906 నాటి పురావస్తు చట్టం. కొండగూళ్ల ఇళ్లలో కుండలు, శవాల వెంట ఉంచిన వస్తువులు తవ్వుకుపోయేవారిని ఆపడానికి తెచ్చిన ఈ చట్టం, కేంద్ర భూముల్లోని చారిత్రక, శాస్త్రీయ ప్రాధాన్యమున్న వాటిని స్మారకాలుగా ప్రకటించే అధికారాన్ని అధ్యక్షుడికి ఇస్తూ, వాటి రక్షణకు చాలినంత అతి తక్కువ విస్తీర్ణానికే పరిమితం కావాలంది. థియొడర్ రూజ్‌వెల్ట్ 1908లో గ్రాండ్ కాన్యన్‌నే ప్రకటించగా, అక్కడ గనుల హక్కులు చూపిన రాల్ఫ్ కామెరన్ సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1920లో ఓడిపోయాడు. అప్పటినుంచి విస్తీర్ణం పెద్దదన్న వాదన కోర్టుల్లో నిలవడం కష్టమైంది. అయితే ప్రకటించిన దాన్ని మరో అధ్యక్షుడు తగ్గించవచ్చా? అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ 1938లో రద్దు చేసే అధికారం లేదన్నారు, కానీ అంతకుముందే 1915లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ ఒలింపస్ స్మారకాన్ని సగానికి కోసేశారు. ఈ సందు ఇప్పటికీ పూడలేదు. అతి తక్కువ విస్తీర్ణమన్న మాట ఒక కుండకో ఒక గోడకో నప్పుతుంది. వందల కిలోమీటర్లు తెగకుండా సాగే రాతిపొరకు దాన్ని ఎక్కడ కొలవాలో చట్టం రాసినవారు ఆలోచించినట్టు లేదు.

బేర్స్ ఇయర్స్‌లో లక్షకు పైగా పురావస్తు స్థలాలున్నాయని అంచనా. వాటికీ కారణం రాయే: సీడర్ మెసా ఇసుకరాయిలో ఇంకిన వాననీరు మధ్యనున్న మట్టిపొర తగిలినచోట పక్కకు ఊరుతుంది, ఊట దగ్గర రాయి రాలి గూడు ఏర్పడుతుంది. నీడా నీరూ ఒకేచోట దొరికిన ఆ గూళ్లలో పూర్వ ప్యుబ్లో ప్రజలు 13వ శతాబ్దం చివరిదాకా ఇళ్లు కట్టుకుని బతికారు. హోపీ, జూనీ, నవాహో, రెండు యూట్ తెగలు 2015లో కూటమి కట్టి 19 లక్షల ఎకరాలు కోరగా, ఒబామా 2016 డిసెంబరు 28న 13.5 లక్షల ఎకరాలు ప్రకటించారు. యూటా నేలలో దాదాపు మూడింట రెండు వంతులు కేంద్రం చేతిలో ఉంది, రాష్ట్రావతరణ నాడు బడులకు కేటాయించిన భూములు దాని నడుమ చెక్కలుచెక్కలుగా చిక్కుకున్నాయి. అక్కడి పశుపోషకుల, కౌంటీ అధికారుల అసంతృప్తిని ఈ వెలుగులో చూడాలి.

2017 డిసెంబరులో ట్రంప్ బేర్స్ ఇయర్స్‌ను సుమారు 2 లక్షల ఎకరాలకు, గ్రాండ్ స్టెయిర్‌కేస్‌ను దాదాపు సగానికి తగ్గించారు. వదిలేసిన వాటిలో పాత యురేనియం గనులున్న వైట్ కాన్యన్ ఒకటి. బ్లాండింగ్ పట్టణం దగ్గర శుద్ధి కర్మాగారం నడిపే ఎనర్జీ ఫ్యూయల్స్ సంస్థ స్మారకంలోనూ దాని పరిసరాల్లోనూ నిక్షేపాలున్నాయని అదే ఏడాది ప్రభుత్వానికి లేఖ రాసింది. విచిత్రమేమిటంటే, 2018 ఫిబ్రవరిలో ఆ భూములు కేంద్ర భూముల్లో ఖనిజ హక్కులు పొందే వీలిచ్చే 1872 నాటి గనుల చట్టం కింద మళ్లీ తెరుచుకున్నా హక్కుల కోసం వచ్చినవారు కొద్దిమందే, ఎందుకంటే యురేనియం ధర అప్పుడు నేలనంటి ఉంది. 2021 అక్టోబరులో బైడెన్ హద్దులను పునరుద్ధరించగా, దానిపై యూటా వేసిన దావాను 2023 ఆగస్టులో కేంద్ర జిల్లా న్యాయస్థానం కొట్టేసింది. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. 2025లో న్యాయశాఖ 1938 నాటి అభిప్రాయం తప్పని, స్మారకాన్ని పూర్తిగా రద్దు చేసే అధికారం కూడా అధ్యక్షుడికి ఉందని ప్రకటించింది. ఈలోగా 2024 జనవరిలో యురేనియం ధర పౌనుకు 100 డాలర్లు దాటింది. కాబట్టి ఆ హద్దులను ఈసారి ఎవరైనా వెనక్కు జరిపితే, 2018లో మాదిరి వైట్ కాన్యన్ ఖాళీగా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు.