ఉద్దానం కిడ్నీ జబ్బు: నీళ్ల కథ, నీడ కథ

ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే "బాగున్నారా" తర్వాత వచ్చే ప్రశ్న "క్రియాటినిన్ ఎంతుంది?" అనే. బడి మొహం చూడని అవ్వలు కూడా ఆ మాట తడబడకుండా పలుకుతారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే ఒక ల్యాబ్ రిపోర్టులోని పదం ఊరి యాసలో కలిసిపోయిందంటే ఆ జబ్బు ఎన్నేళ్లుగా మా ఇళ్లల్లో ఉందో అర్థం చేసుకోండి.

ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలు, ఒకవైపు మహేంద్రగిరి, ఇంకోవైపు సముద్రం, మధ్యలో కొబ్బరి, జీడి, పనస తోటలు. చూసేవాళ్లకి కోనసీమే గుర్తొస్తుంది. ఇంత పచ్చని చోట షుగర్ లేనివాళ్లకి, బీపీ లేనివాళ్లకి, పొలం పని తప్ప వేరే అలవాటు లేని నలభై ఏళ్ల మనుషులకి కిడ్నీలు పోతున్నాయని డాక్టర్లు గమనించి మూడు దశాబ్దాలు దాటుతోంది. పెద్దవాళ్లలో ప్రతి ఐదారుగురికి ఒకరి కిడ్నీ దెబ్బతిని ఉందని ఇక్కడ జరిగిన సర్వేలు చెబుతున్నాయి. ఇది చప్పుడు చేయని జబ్బు. మొదట్లో వాపు ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు, ఆకలి తగ్గి నీరసం వచ్చి పరీక్ష చేయించుకునేసరికి కిడ్నీ చాలావరకు అయిపోయి ఉంటుంది. దగ్గర్లో డయాలసిస్ లేని రోజుల్లో 200 కిలోమీటర్లకు పైగా ఉన్న విశాఖకి రైలెక్కేవాళ్లు, వారానికి రెండుసార్లో మూడుసార్లో, కూలి పోగొట్టుకుని.

కారణం ఏంటంటే ఇప్పటికీ ఒక్క మాటలో చెప్పలేరు. నీళ్లలో సిలికా అన్నారు, ఫ్లోరైడ్ అన్నారు, భార లోహాలు అన్నారు, జీడి పూత మీద టీ దోమ అనే పురుగుకి కొట్టే మందులు అన్నారు. ఏదీ పూర్తిగా రుజువు కాలేదు. ఇదే తీరు జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి ఉంది, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరకు నరికే కూలీలకి ఉంది. ఎక్కడ చూసినా ఎండలో ఒళ్లు వంచి పనిచేసే పేదవాళ్లే. అందుకే ఎండదెబ్బ, ఒంట్లో నీరు పదే పదే తగ్గిపోవడం ఈ జబ్బులో పెద్ద పాత్ర పోషిస్తున్నాయని, దానికి మిగతావి తోడవుతున్నాయని ఇప్పుడు చాలామంది పరిశోధకులు అనుమానిస్తున్నారు. ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఈ అనుమానంతోనే కూలీలకి నీళ్లు, విశ్రాంతి, నీడ ఇచ్చే ప్రయత్నం మొదలుపెట్టారు. ఆ మూడు మాటలు చదివినప్పుడల్లా నాకు మా నేల గుర్తొస్తుంది, ఎందుకంటే గత పదిహేనేళ్లలో ఇక్కడ గొడవంతా నీళ్ల గురించీ నీడ గురించే.

ముందు నీళ్ల సంగతి. సోంపేట దగ్గర బీల ఉంది. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే నీరు నిలిచే చిత్తడి నేల, చేపలు పట్టేవాళ్లకి బతుకు, పశువులకి మేత, చుట్టుపక్కల పొలాలకి తడి. ఆ బీలని కాగితాల మీద పనికిరాని భూమిగా చూపించి 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకి ఇవ్వబోయారు. జనం అడ్డం పడ్డారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మా మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి దగ్గర తంపర అనే చిత్తడి భూముల్లో మరో థర్మల్ ప్లాంటు గొడవలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అప్పటికే కిడ్నీలు పోతున్న ప్రాంతంలో ఉన్న నీటి చోటుని కూడా బూడిదకి వదలాలా అని ఆ రోజు అడిగినవాళ్లని అభివృద్ధి నిరోధకులన్నారు. బీల పోతే కిడ్నీ జబ్బు ఎంత పెరిగేదో లెక్కకట్టి చెప్పే అధ్యయనమేదీ నా దగ్గర లేదు, కానీ ఆ ప్రశ్న సరైనదే.

ఇక నీడ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి, పనస అన్నీ వేళ్లతో సహా లేచిపోయాయి. తాతలు వేసిన తోట ఒక్క రాత్రిలో నేలమీద పడుకుంది. అందరూ పంట నష్టం లెక్కేశారు, అది వేయాల్సిందే. కానీ చెట్టు కింద పనిచేసుకునే మనిషి మర్నాటి నుంచి నడినెత్తి ఎండలో పనిచేయాల్సి వచ్చిందన్న లెక్క ఎవరూ వేయలేదు.

ఇంకో ముక్క చెప్పాలి. ఎండలో పనిచేసి వస్తే ఒళ్లు నొప్పులు, దానికి పెయిన్ కిల్లర్ బిళ్ల. ఒంట్లో నీరు తక్కువున్నప్పుడు ఆ బిళ్లలు కిడ్నీకి మరింత చేటు. వాటిలో ఒకటైన డైక్లోఫెనాక్‌ని పశువులకి కూడా వాడేవారు. ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు చచ్చిపోయాయి, అదీ కిడ్నీలు పాడయ్యే. మూడు జాతుల రాబందులు దేశంలో 95 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాక, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. రాబందులు లేక కళేబరాలు కుళ్లి, కుక్కలు పెరిగి, నీళ్లు పాడై 2000 నుంచి 2005 మధ్య దేశంలో సుమారు 5 లక్షల అదనపు మరణాలు జరిగాయని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా వేశారు. పిట్ట పోతే మనిషికేంటి అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఏటా వచ్చే కొంగలు పొలాల్లో నత్తల్ని తిని బతుకుతాయి. ఆ ఊరివాళ్లు వాటిని ఎవరూ చెప్పకుండానే కాపాడుకుంటున్నారు.

2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు సుమారు 700 కోట్ల ఖర్చుతో పైపుల్లో వచ్చాయి. రెండూ ఎన్నో ఏళ్లు అడిగితే వచ్చినవి, వాటి విలువ తెలియాలంటే డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు కూర్చున్న మనిషి పక్కన కూర్చోవాలి. అయితే కుళాయి నీళ్లు ఇంటి దగ్గరే ఆగిపోతాయి. మధ్యాహ్నం జీడితోటలో పనిచేసే కూలీకి మంచినీళ్లు, మధ్యలో కాసేపు విశ్రాంతి ఇవ్వాలన్న నియమం ఇక్కడ ఇంకా ఎవరి నోటా వినలేదు. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషి నిలబడేంత నీడ ఇస్తున్నాయి.