చదువు గదిలోకి కొలువు లెక్క ఎలా వచ్చింది

అమెరికాలో వయోజన ప్రాథమిక విద్య భవితవ్యంపై వివాదం మళ్లీ రాజుకుంది. రాష్ట్రాలకు 2025 జులై 1న అందవలసిన సుమారు 71.5 కోట్ల డాలర్ల వయోజన విద్యా నిధులను ఫెడరల్ ప్రభుత్వం ఆపేసి, నెలాఖరుకు గానీ విడుదల చేయలేదు. ఈలోగా, అదే నెల 14న, విద్యాశాఖ సిబ్బంది కోతకు ఉన్న అడ్డంకిని సుప్రీంకోర్టు తొలగించింది. దాంతో విద్య, కార్మిక శాఖల మధ్య మే నెలలోనే సంతకాలు పూర్తయిన ఒక ఒప్పందం కదిలింది. దాని ప్రకారం వయోజన విద్య రోజువారీ నిర్వహణ కార్మికశాఖ చేతికి వెళ్తుంది. 2026 బడ్జెట్ ప్రతిపాదనైతే ఈ పద్దునే పూర్తిగా ఎత్తివేయమంది.

చదవడం, రాయడం, లెక్కలు, ఇంగ్లిష్ నేర్పే ఈ తరగతులు విద్యలో భాగమా, ఉద్యోగ శిక్షణలో భాగమా అన్నదే ఇప్పుడు అందరూ వాదించుకుంటున్న ప్రశ్న. 1964లో పేదరిక నిర్మూలన చట్టంలో భాగంగా ఈ తరగతులు పుట్టడం, 1966 చట్టంతో విద్యారంగంలో కుదురుకోవడం, 1998లో క్లింటన్ సంతకం చేసిన చట్టంతో ఉపాధి కార్యక్రమాల సరసన చేరడం పలుమార్లు చెప్పుకున్న సంగతులే. నేటి తగాదాకు అసలు మూలం 2014లో ఉంది. ఆ ఏడాది ఏం జరిగిందో అర్థం కావాలంటే ముందు పదేళ్లు వెనక్కి, వాషింగ్టన్ రాష్ట్రానికి వెళ్లాలి.

అక్కడి కమ్యూనిటీ కాలేజీలను చాలాకాలంగా ఒక చిక్కు వేధించేది. ప్రాథమిక తరగతుల్లో చేరిన పెద్దలు ముందు చదువు పూర్తిచేసి, ఆ తరువాత వృత్తి కోర్సుకు వెళ్లాలన్నది అప్పటి పద్ధతి. పిల్లలున్నవారు, పగలంతా పనిచేసి సాయంత్రం తరగతికి వచ్చేవారు ఆ రెండో మెట్టు దాకా చేరేవారు కాదు. ఆ రాష్ట్రపు విద్యార్థుల రికార్డులను ఐదేళ్లపాటు అనుసరించిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. ఇంగ్లిష్ నేర్చుకోవడంతో మొదలుపెట్టినవారిలో 13 శాతం మాత్రమే కాలేజీ స్థాయి క్రెడిట్లు, అంటే డిగ్రీకో సర్టిఫికెట్టుకో లెక్కకొచ్చే పాయింట్లు, కొన్నైనా సంపాదించారు. ప్రాథమిక విద్యతో మొదలుపెట్టినవారిలో ఆ వాటా 30 శాతం. ఏడాది కాలేజీ చదువూ ఒక సర్టిఫికెట్టూ ఉంటే ఆదాయం చెప్పుకోదగ్గంతగా పెరుగుతుందని కూడా ఆ అధ్యయనమే తేల్చింది. కానీ ఐదేళ్లలో అంతదూరం వెళ్లినవారు ఈ రెండు వర్గాల్లోనూ నాలుగు నుంచి ఆరు శాతమే.

2004లో పది కాలేజీలు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఐ-బెస్ట్ పద్ధతి ఈ చిక్కుకు జవాబుగా వచ్చింది. అందులో ఒకే తరగతి గదిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారు. ఒకరు వృత్తి నేర్పుతారు, మరొకరు ప్రాథమిక విద్యో ఇంగ్లిషో నేర్పుతారు. కనీసం సగం సమయం ఇద్దరూ కలిసే పాఠం చెప్పాలన్నది నియమం. నర్సింగ్ సహాయకుల కోర్సులో మందు మోతాదు లెక్క వస్తే దశాంశాలు, శాతాలు అక్కడే నేర్పుతారు. వెల్డింగ్ నేర్చుకునేవాళ్లకు భద్రతా సూచనల కరపత్రమే పఠన పాఠం. చదువు ముందా, పని ముందా అన్న ప్రశ్నే ఆ గదిలో తలెత్తదు. ఈ రంగంలో ఇంతకన్నా మానవీయమైన ఆలోచన మరొకటి రాలేదని నా నమ్మకం.

అయితే ఆ గదికి ఖర్చు ఎక్కువ. ఇద్దరి జీతం కావాలి, కలిసి పాఠం సిద్ధం చేసుకోవడానికి వేళ కావాలి. వాషింగ్టన్ రాష్ట్రం దాన్ని ఒప్పుకుంది. ఐ-బెస్ట్‌లో చేరిన ఒక్కో విద్యార్థిని నిధుల లెక్కలో 1.75 మందిగా పరిగణించి కాలేజీలకు డబ్బిచ్చింది. ఈ 1.75 అనే అంకెను గుర్తుంచుకోవాలి. తరువాతి కథలో అదే జారిపోయింది.

ఈ పద్ధతికి దేశమంతటా పేరు వస్తున్న రోజుల్లోనే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఒక ద్వారం మూసింది. అప్పటిదాకా హైస్కూలు డిప్లొమా లేనివాళ్లు కూడా ఒక పరీక్ష నెగ్గితేనో, ఆరు క్రెడిట్లు పూర్తిచేస్తేనో కాలేజీ చదువుకు, తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు వంటి ఫెడరల్ సహాయం పొందగలిగేవారు. 2012 జులై 1 నుంచి కొత్తగా చేరేవారికి ఆ వీలు తీసేశారు. చదువూ వృత్తీ ఒకేసారి నేర్చుకోవలసినవాళ్లు సరిగ్గా వాళ్లే. ఖర్చు తగ్గించుకునే హడావుడిలో తీసుకున్న ఆ నిర్ణయం ఎంత నష్టం చేసిందో ఈనాటి వాదనల్లో ఎవరూ ప్రస్తావించడం లేదు.

ఆ తరువాత వచ్చిన 2014లో మూడు ఘటనలు వరుసగా జరిగాయి. జనవరిలో, హైస్కూలు డిప్లొమాకు సమానమైన జీఈడీ పరీక్ష కొత్త రూపంలో, కంప్యూటర్ మీదనే రాయవలసినదిగా వచ్చింది. అది మునుపటి కన్నా కఠినం. ఉత్తీర్ణుల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. జులై 22న ఒబామా కొత్త కార్మికశక్తి చట్టంపై సంతకం చేశారు. డిసెంబరులో కాంగ్రెస్ 2012లో మూసిన ద్వారాన్ని సగం తెరిచింది: డిప్లొమా లేనివారు మళ్లీ గ్రాంటు పొందవచ్చు, కానీ నిర్దిష్ట వృత్తి మార్గానికి ముడిపడిన కోర్సులో చేరితేనే. చదువు కోసమే చదువుకునే పెద్దలకు దారి ఇరుకైంది. కొలువు పేరు చెప్పిన వారికి మాత్రమే తలుపు తెరుచుకుంది.

జులై చట్టమే వీటన్నిటిలో పెద్దది. ప్రాథమిక విద్య, ఉద్యోగ సన్నద్ధత, ఒక నిర్దిష్ట వృత్తిలో శిక్షణ ఈ మూడూ ఏకకాలంలో సాగే సమీకృత బోధనకు అది చట్టబద్ధమైన నిర్వచనం ఇచ్చింది. వయోజన విద్యా నిధుల్లో 12 శాతాన్ని ఇంగ్లిష్, పౌరవిద్య కలిసిన కార్యక్రమానికి కేటాయించి, అందులోనూ వృత్తి శిక్షణ ఉండాలని షరతు పెట్టింది. వాషింగ్టన్ పాఠం చట్టంలోకి వచ్చిందని చాలామంది సంతోషించారు. నిర్వచనమైతే వచ్చింది. ఇద్దరు ఉపాధ్యాయుల నియమం రాలేదు, వారికి జీతాలిచ్చిన 1.75 అనే లెక్క అసలే రాలేదు. రాష్ట్రాలు ఉన్న డబ్బుతోనే సర్దుకోవలసి వచ్చింది. ఇద్దరు ఉపాధ్యాయులను పెట్టుకోలేని చోట సమీకృత బోధన అంటే రెజ్యూమె రాయడం నేర్పే పాఠంగానో, విడివిడిగా నడిచే రెండు తరగతులకు పెట్టిన ఒకే పేరుగానో మిగిలే ప్రమాదం మొదటి నుంచీ ఉంది.

డబ్బు రాలేదు గానీ కొలమానాలు వచ్చాయి. కోర్సు వదిలిన తరువాత రెండో త్రైమాసికంలో ఉద్యోగం ఉందా, నాలుగో త్రైమాసికంలో ఉందా, మధ్యస్థ ఆదాయం ఎంత అన్నవి ఉపాధి కార్యక్రమాలతో పాటు వయోజన విద్యకూ సూచికలయ్యాయి. 1998 చట్టం కింద తొలి ఏళ్లలో, ఉద్యోగమే తన లక్ష్యమని చెప్పిన విద్యార్థికే ఆ లెక్క వర్తించేది. 2014 చట్టం ఆ తేడాను చెరిపేసింది. పన్నెండు గంటలు తరగతిలో గడిపిన వ్యక్తి, జైల్లో ఉన్నవారి వంటి కొద్ది మినహాయింపులు పోగా, లెక్కలోకి వచ్చినట్టే. మనవళ్లకు కథల పుస్తకం చదివి వినిపించాలని వచ్చిన అరవై ఏళ్ల అమ్మమ్మ, పిల్లవాడి బడి నుంచి వచ్చిన ఉత్తరం అర్థం చేసుకోవాలని వచ్చిన తల్లి, పౌరసత్వ పరీక్ష కోసం వచ్చిన శరణార్థి, వీళ్లు తాము కోరుకున్నది సాధించినా ఉద్యోగ గణాంకాల్లో వైఫల్యాలుగానే నమోదవుతారు. అలాంటివారిని చేర్చుకోవడానికి నిర్వాహకులు వెనకాడితే ఆ తప్పు ఎవరిది? 2000ల ఆరంభంలో ఏటా 25 లక్షల మందికి పైగా ఈ తరగతుల్లో ఉండేవారు. 2010ల చివరికి ఆ సంఖ్య 15 లక్షల దిగువకు జారింది. దీనికి ఇతర కారణాలూ ఉన్నాయి, కానీ అవసరం తగ్గడం వాటిలో ఒకటి కాదు. 2023 అంతర్జాతీయ నైపుణ్య సర్వేలో అమెరికా పెద్దల్లో 28 శాతం మంది అక్షరాస్యతలో అట్టడుగు స్థాయిల్లో ఉన్నట్టు తేలింది. 2017లో ఆ వాటా 19 శాతం.

కార్మికశాఖ వైపు వాదన ఇది: ఉపాధి కేంద్రాలు, శిక్షణ నిధులు ఇప్పటికే తమ వద్ద ఉన్నాయి, 2014 చట్టం వయోజన విద్యనూ ఉపాధి కార్యక్రమాలనూ కలిపే ఉంచింది, కాబట్టి నిర్వహణ ఒకేచోట ఉంటే కాగితాల పని తగ్గుతుంది. సౌలభ్యం విషయంలో ఇందులో కొంత నిజం ఉంది.

అయితే ఉద్యోగ సూచికలనే ప్రమాణంగా తీసుకునేవారు ఐ-బెస్ట్ ఫలితాలను పూర్తిగా చదవాలి. వాషింగ్టన్‌లోని బెల్లింగ్‌హామ్, ఎవరెట్, వాట్‌కామ్ కాలేజీల్లో విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా చేసి ఈ పద్ధతిని పరీక్షించారు. 2018లో వచ్చిన తొలి నివేదిక ప్రకారం ఐ-బెస్ట్‌లో చేరినవారు ఎక్కువ క్రెడిట్లు, ఎక్కువ సర్టిఫికెట్లు సాధించారు. తరువాతి పరిశీలనలో ఆదాయంలో మాత్రం స్పష్టమైన పెరుగుదల కనబడలేదు. కేవలం జీతం కొలబద్దతో చూస్తే, ఈ రంగంలో ఎంతో పేరున్న ఈ పద్ధతి కూడా పరీక్ష తప్పినట్టే. తరగతిలో నిలదొక్కుకోవడం, మొదటి సర్టిఫికెట్ చేతికందడం కూడా ఫలితాలేనని ఒప్పుకునే శాఖ చేతిలో ఉంటేనే అది బతికి బట్టకడుతుంది.

నిర్వహణ చేతులు మారినా 2014 చట్టం ఇంకా అమల్లోనే ఉంది. దాని కింద నిధులు కేటాయించడానికి చట్టం ఇచ్చిన గడువు మాత్రం 2020లోనే ముగిసింది. 2024 డిసెంబరులో పునరుద్ధరణకు జరిగిన ప్రయత్నం చివరి నిమిషంలో ఆగిపోయింది. కాబట్టి కొలమానాలు తిరిగి రాసే అధికారం ఇప్పటికీ కాంగ్రెస్‌దే. పన్నెండు గంటల గీత దాటిన ప్రతి ఒక్కరినీ ఉద్యోగార్థిగా లెక్కించే నిబంధన, రెండో ఉపాధ్యాయుడి జీతం ఎవరిస్తారన్న ప్రశ్న ఈ రెండూ పునరుద్ధరణ బిల్లు మళ్లీ సభ ముందుకు వచ్చినప్పుడు తేలవలసినవి. శాఖల మధ్య కుదిరిన ఒప్పందం ఆ రెండింటినీ తాకలేదు.