చేప ఒంటి మీద రవ్వ

మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే మా వీధి చివరింటి పిల్ల పరిగెత్తుకొచ్చింది. "మావయ్యా, మా పెద్ద చేపకి రవ్వ అంటుకున్నట్టుంది. షాపాయన నీలం మందిచ్చాడు. పోసీమంటావా? ఓపాలి వచ్చి చూడవా?" అంది. చేతిలో ఉన్న సీసా మూత అప్పటికే సగం తిప్పేసి ఉంది.

పర్లాకిమిడిలో గోల్డ్‌ఫిష్ తొట్టె ఇప్పుడు వింత కాదు. మా వీధిలోనే నాలుగిళ్ళల్లో ఉంది. చేపకి ఏ కాస్త తేడా వచ్చినా నాలుగిళ్ళల్లోనూ జరిగేది ఒకటే: ముందు మందు, తరవాత చూపు. చూడడం ముందు జరిగి ఉంటే బతికే చేపలు ఎన్ని పోయాయో నాకు తెలుసు. వాటిలో నావీ ఉన్నాయి.

వెళ్ళి తొట్టె పక్కనుంచి ఫోన్ టార్చి వేసి చూశాను. చేపని పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, వెలుగు పక్కనుంచి పడాలి. చుక్కలున్నాయి, నిజమే. కాని అవి ఉన్నవి రెండే చోట్ల. మొప్పల మూత మీద కొన్ని, ముందరి రెక్కల మొదటి పుల్ల వెంట వరసగా దండ గుచ్చినట్టు మరికొన్ని. అన్నీ ఒకే సైజు. తోక మీద ఒక్కటీ లేదు. పైగా ఆ చేప రెక్కలు బాగా విచ్చుకుని, మేత వేయగానే పైకొచ్చి తిని, వెంటనే ఇంకో చేప వెనకాల పడింది. అది జబ్బు కాదు. మగచేప పెళ్ళీడుకొచ్చింది. జత కట్టే కాలంలో మగ గోల్డ్‌ఫిష్‌కి ఆ రెండు చోట్లా చర్మం గట్టిపడి తెల్లటి పొక్కులు వస్తాయి, కాలం దాటాక వాటంతటవే పోతాయి. సీసా మూత బిగించి షెల్ఫులో పెట్టమన్నాను.

అదే రవ్వ ఒళ్ళంతా, తోక దాకా, ఎక్కడ పడితే అక్కడ చల్లినట్టుంటే సంగతి వేరు. అప్పుడు చేప రెక్కలు ఒంటికి అదుముకుని ఉంటుంది. ఉండుండి రాళ్ళకీ ఫిల్టరు గొట్టానికీ ఒళ్ళు రాసుకుంటుంది. ఇది తెల్లచుక్కల జబ్బు. చేపలు పెంచేవాళ్ళు 'ఇక్' అంటారు. 1876లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకే దీనికి ఇక్తియోఫ్తిరియస్ అని పేరు పెట్టాడు, అంటే గ్రీకులో చేప పేను. నిజానికి పేను కాదు, ఒంటి నిండా నూగున్న ఏకకణ జీవి. మనకి కనిపించే చుక్క చర్మం పైన అంటుకున్నది కాదు, చర్మం పై పొర కింద దూరి చేప కణాల్ని తింటూ బలిసిన పురుగు. అందుకే నీళ్ళలో ఏ మందు పోసినా ఆ చుక్కకి తగలదు.

బలిసిన పురుగు ఒకరోజు చర్మం చీల్చుకుని బయటపడి తొట్టె అడుగుకి దిగుతుంది. చుట్టూ జిగురు తిత్తి కట్టుకుని లోపల రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ పోతుంది. వందల సంఖ్యలో, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలు తిత్తి పగలగొట్టుకుని ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందుకి చిక్కేది ఆ ఒకటి రెండు రోజులే. నీళ్ళు 25 డిగ్రీలుంటే ఈ చక్రమంతా వారంలోపే తిరుగుతుంది, చలి నీళ్ళలో వారాలు పడుతుంది. చుక్కలు రాలిపోగానే "తగ్గిపోయింది" అనుకుని మందు ఆపేస్తారు చూడండి, సరిగ్గా అదే ఘడియలో తొట్టె అడుగున వెయ్యేసి పిల్లలు తయారవుతుంటాయి. నాలుగు రోజులకి చేప తెల్లగా పూసిపోతుంది. చర్మం మీద ఒక్క చుక్క లేకుండా మొప్పల్లోనే పట్టేదీ ఉంది. చేప పైకొచ్చి గబగబా ఊపిరి తీస్తుంటే దాన్నీ అనుమానించాలి.

దీనికి నేను మొదట వాడేది కల్లుప్పు. హుమ్మా ఉప్పు మళ్ళున్న గంజాం జిల్లా మనకి పక్కనే, ఉప్పుకి కరువు లేదు. లీటరుకి 3 గ్రాములు. 40 లీటర్ల తొట్టెకి 120 గ్రాములు, గుప్పిట కొలత కాదు, వంటింటి త్రాసులో తూచాలి. మూడు భాగాలు చేసి, వేరే నీళ్ళలో కరిగించి, పన్నెండేసి గంటల ఎడంతో పోయాలి. నీళ్ళు ఆవిరైనా ఉప్పు పోదు. కాబట్టి 10 లీటర్లు మార్చినప్పుడు ఆ 10 లీటర్లకి సరిపడా 30 గ్రాములే కలపాలి. ఇలా రెండు వారాలు, చుక్కలు పోయినా సరే. ముందే మొక్కలు తీసేయండి, ఉప్పుకి చస్తాయి. ఎయిర్ పంపు ఆగకూడదు. ఉప్పుకి లొంగకపోతే మలకైట్ గ్రీన్ ఉన్న షాపు మందు, సీసా మీద రాసిన కొలతకి చుక్క ఎక్కువ కాకుండా. అది మన ఒంటికీ మంచిది కాదు. తినే చేపల పెంపకంలో దాన్ని వాడకూడదని నిషేధం. గ్లవ్స్ వేసుకోండి, పిల్లల చేత పోయించకండి.

ఉప్పు ఎందుకు మేలు చేస్తుందో తెలిస్తే ఇంకో జబ్బు కూడా అర్థమవుతుంది. చేప రక్తంలో లీటరుకి సుమారు 9 గ్రాముల ఉప్పుకి సమానమైన లవణాలుంటాయి. చుట్టూ ఉన్నవి మంచినీళ్ళు. అందువల్ల మొప్పల గుండా నీళ్ళు పగలూ రాత్రీ లోపలికి ఊరుతూనే ఉంటాయి, మూత్రపిండాలు వాటిని తోడి బయట పోస్తూనే ఉండాలి. నీళ్ళలో కాస్త ఉప్పుంటే ఆ తోడే పని తేలికవుతుంది. మూత్రపిండాలు చతికిలబడితే లోపలికొచ్చిన నీళ్ళు పొట్టలోనే నిలిచి, పొలుసులు సరుగుడు కాయలా పైకి లేచి నిలబడతాయి. దాన్నే జలోదరం అంటారు. పొలుసులు లేచాక బతికినవి నేను బహు తక్కువ చూశాను. చేపని వేరే టబ్బులో ఉంచి పశువుల డాక్టరుని అడగండి. క్యాప్సూల్ విప్పి తొట్టెలో కలపడం మాత్రం వద్దు. నీళ్ళలో పోసిన యాంటీబయాటిక్ చేప లోపలికి చేరేది కొంచెమే, ఫిల్టరులో మనకి కావలసిన బ్యాక్టీరియా మాత్రం దెబ్బతింటుంది.

ఆ బ్యాక్టీరియా సంగతి నేను తిత్లీ తుపానులో నేర్చుకున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయింది. రోజుల తరబడి కరెంటు లేదు. చేపలు రెండు రోజులు తట్టుకున్నాయి, నేను గంటగంటకీ చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తున్నాను. కరెంటొచ్చాక సంబరంగా ఫిల్టరు స్పాంజి తీసి, వాసనొస్తోందని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి కడిగాను. మూడో రోజుకి రెండు చేపలు అడుగున ఒరిగాయి. మొప్పలు ఎర్రగా వాచి, రెక్కల్లో నెత్తుటి గీతలు. ఏదో పురుగనుకున్నాను. పురుగు కాదు, అమ్మోనియా.

చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజనిని చాలావరకు మొప్పల గుండానే అమ్మోనియాగా వదులుతుంది. స్పాంజిలో కాపురముండే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటుని పెద్దగా హాని లేని నైట్రేటుగా మారుస్తాయి. వాటికి గాలి కావాలి. కరెంటు పోయి నీళ్ళు కదలకపోతే ఊపిరాడక చస్తాయి. మిగిలిన కాసిన్నిటినీ నేను బ్లీచింగ్ కలిసిన కుళాయి నీళ్ళతో కడిగేశాను. కొత్త తొట్టెలో అవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టె కొన్న నెలలోపే చేపలు పోయాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి, మడ్డిగా ఉన్నా పరవాలేదు.

ఒకే కొలత అమ్మోనియా ఒక ఇంట్లో చంపుతుంది, పక్కింట్లో చంపదు. దానికి కారణం పీహెచ్, అంటే నీళ్ళలో పులుపెంతో క్షారమెంతో చెప్పే కొలత. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది వందకి ఒక పాలు కూడా కాదు. పీహెచ్ 8కి చేరితే అది 5 పాళ్ళు దాటుతుంది. ఎండ ముదిరినకొద్దీ ఇంకా పెరుగుతుంది. పైగా వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ: 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది, 30 దగ్గర ఏడున్నరే. వైశాఖంలో ఒక్క చేప కాక తొట్టెలో చేపలన్నీ ఒక్కసారే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే మందు సీసా జోలికి వెళ్ళొద్దు. మూడో వంతు నీళ్ళు మార్చి, మేత ఆపి, పంపు పెంచండి. కుళాయి నీళ్ళని ముందు రాత్రే వెడల్పాటి బకెట్లో పట్టి ఉంచండి, లేదా బ్లీచింగ్‌ని విరిచే హైపో పలుకులు షాపులో దొరుకుతాయి, అవి వాడండి. వానాకాలంలో బ్లీచింగ్ ఎక్కువేసిన రోజున ఇది మరీ ముఖ్యం.

రెక్కల అంచులు చిరిగి తెల్లబారితే అది బ్యాక్టీరియా కుళ్ళు. తొలి దశలో శుభ్రమైన నీళ్ళకే మానుతుంది. గుండ్రటి రకాలు తలకిందులుగా తేలితే రెండు రోజులు పస్తుంచండి. పొట్టి ఒంట్లో పేగూ గాలితిత్తీ ఇరుక్కుని ఉండడం వల్ల వచ్చే తిప్పలవి. పొలుసుల సందున సన్నటి దారం వేలాడుతుంటే లంగరు పురుగు.

ఈ పురుగు మన చేపల చెరువుల రైతులకి బాగా తెలుసు. గోల్డ్‌ఫిష్ కూడా శీలావతి, బొచ్చెల బంధువే మరి, కార్పు జాతి. జబ్బు చేపని "పోనీ, బతికితే బతుకుతుంది" అని మహేంద్రతనయలోనో ఊరి చెరువులోనో వదిలేవాళ్ళని చూశాను, జాలితోనే చేస్తారు. కాని ఆ ఏరు పోయి వంశధారలో కలుస్తుంది. తెల్లచుక్కలకి శీలావతీ గోల్డ్‌ఫిషూ ఒకటే. దయచేసి వదలకండి. కొత్తగా కొన్న చేపని మాత్రం మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడండి. చేతికి కోత ఉంటే తొట్టెలో పెట్టొద్దు, చేపల నుంచి మన చర్మానికి పట్టే మొండి పుళ్ళ బ్యాక్టీరియా ఒకటుంది.

ఫాల్గుణం చివర్లో వీధి చివరింటి పిల్ల మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. "మావయ్యా, గడ్డికి ఆవగింజల్లాంటివి అంటుకున్నాయి. తెల్లచుక్కలేనా?" వెళ్ళి టార్చి వేశాను. గాజుపూసల్లా మెరుస్తున్న గుడ్లు, వందకి తక్కువుండవు. ఆ చేపే, మూతి పెట్టి వాటిని ఒక్కొక్కటే తింటోంది. గబగబా గడ్డి పీకి, అదే తొట్టె నీళ్ళు నింపిన టబ్బులోకి మార్చాం. పాలలా తెల్లబడిన గుడ్లు చచ్చినవి, బూజు పట్టి పక్కవాటికీ అంటిస్తాయి, వాటిని పుల్లతో ఏరేయమన్నాను. నాలుగు రోజుల్లో పొదుగుతాయి. షెల్ఫులో ఉన్న నీలం మందు సీసా దించమన్నాను. మిథిలీన్ బ్లూ. గుడ్లకి బూజు పట్టకుండా ఆపేది అదే. టబ్బులో నీళ్ళు లేత నీలమయ్యేదాకా, చుక్క చుక్కా లెక్కపెడుతూ ఆ పిల్లే వేసింది.