గేర్ల సైకిలుకు పార్టు ఎందుకు కలవదు?

ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా నేలంతా చదునే. కాలవ గట్ల మీద ధాన్యం బస్తా వేసుకున్నా, కొబ్బరికాయలు కట్టుకున్నా, ఒక్క గేరుతోనే బండి నడిచిపోయేది. అందుకే డెల్టా ఊళ్ల మెకానిక్‌లకు కాటర్ పిన్నులు, బ్రేకు రబ్బర్లు కొట్టిన పిండి. చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే డిరైలర్ మాత్రం నిన్నమొన్న వచ్చిన చుట్టం. అది విరిగిందని తీసుకెళితే షాపులో మొదట అడిగేది "ఎన్ని గేర్లండీ?" అని. మనం 21 అంటాం. వెనక ఉన్నవి ఏడే, ముందున్న మూడింటితో హెచ్చవేస్తే 21. అయినా కలవడమా, కలవకపోవడమా అన్నది ఆ అంకె ఒక్కటే తేల్చదు.

ఒకప్పుడు ఈ చిక్కే లేదు. టూర్ డి ఫ్రాన్స్‌లో డిరైలర్లను అనుమతించిన 1937 నుంచి దాదాపు యాభై ఏళ్లపాటు ఎక్కువగా వాడింది గేర్లు మార్చడానికి క్లిక్కుల్లేని లివరే. చైను ఏ పళ్లచక్రం మీద కుదిరిందో చెవితో విని, బొటనవేలితో సర్దుకోవాలి. ఏ కంపెనీ లివరుకు ఏ కంపెనీ డిరైలర్ కట్టినా సాధారణంగా పని జరిగిపోయేది. తేడా ఉంటే వేలే చూసుకునేది.

1964లో జపాన్ కంపెనీ సన్‌టూర్ వాలుగా కదిలే డిరైలర్‌కు పేటెంటు తీసుకుంది. చిన్న చక్రమైనా, పెద్ద చక్రమైనా డిరైలర్ దానికి దగ్గరగానే ఉంటుంది. 1984లో ఆ పేటెంటు గడువు తీరింది. జపాన్‌కే చెందిన షిమానో ఆ అమరికను అందుకుని, రేసు సైకిళ్ల కోసం చేసే డ్యూరా ఏస్ సెట్‌లో ఒక్కో క్లిక్కుకు ఒక్కో గేరు మార్చే షిఫ్టర్ అనే లివర్‌ను తెచ్చింది. వేలు చేసే అంచనా షిఫ్టర్‌లోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి లెక్క తప్పితే సర్దేవాళ్లు లేరు.

ఆ లెక్క ఇదీ. వెనక 9 గేర్లున్న బండి షిమానో షిఫ్టర్ ఒక్క క్లిక్కుకు డిరైలర్‌ను కదిపే కేబుల్‌ను సుమారు 2.5 మిల్లీమీటర్లు లాగుతుంది. పాత డిరైలర్ దానికి 1.7 రెట్లు కదులుతుంది, అంటే 4.25. పక్కపక్క చక్రాల మధ్య దూరం 4.35. ఆ కాస్త తేడాను డిరైలరే సర్దుకుంటుంది. అదే షిఫ్టర్‌కు 10 గేర్ల మౌంటెన్ బైక్ డిరైలర్ కడితే? దాని కదలిక 1.2 రెట్లే. క్లిక్కుకు 3 మిల్లీమీటర్లే వస్తుంది. మూడో క్లిక్కుకల్లా చైను దాదాపు ఒక చక్రం వెనకబడుతుంది. కేబుల్ కొసన ఉన్న అడ్జస్టర్‌ను ఎంత తిప్పినా ఒక గేరు కుదిరితే ఇంకోటి చెడుతుంది తప్ప లాభం లేదు.

9 గేర్ల దాకా షిమానో రోడ్డు బైక్, మౌంటెన్ బైక్ డిరైలర్లకు దాదాపు ఒకటే నిష్పత్తి, ఆ 1.7. డ్యూరా ఏస్ మాత్రం 1990ల మధ్య దాకా వేరు. 2010 ప్రాంతంలో మౌంటెన్ 10 గేర్లతో దారి చీలింది. తర్వాత రోడ్డు 11 గేర్లకు మరో నిష్పత్తి, సుమారు 1.4 వచ్చింది. షిమానో రోడ్డు బైక్ సెట్ టియాగ్రా 4700 అయితే పేరుకు 10 గేర్లే, లెక్క 11 గేర్లది. అసలు తికమక అక్కడే. ఇంకో కంపెనీ స్రామ్ సొంత లెక్కలు వేరు.

ఇది పూర్తిగా వ్యాపార ఎత్తుగడ అనలేను. నిష్పత్తి తగ్గితే కేబుల్ ఎక్కువ లాగాలి. ఆ పద్ధతిలో బురద, తుప్పు వల్ల పడే రాపిడి ప్రభావం తగ్గుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో బండి తొక్కేవాళ్లకు అది చిన్న సంగతి కాదు. అక్కడ గేర్లు సరిగా పడకపోతే ముందు కేబుల్, దాని పైగొట్టం మార్చి చూడాలి. డిరైలర్‌ను అనుమానించడం ఆ తర్వాత.

2023లో షిమానో క్యూస్ పేరుతో 9, 10, 11 గేర్లను ఒకే కేబుల్ లెక్కకు తెచ్చింది. పాత బండ్లకు మాత్రం అది అతకదు. మామూలు 7 గేర్ల బండికి 1.7 లెక్క ఉన్న పాత తరహా షిమానో డిరైలర్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు. షాపుకెళ్లే ముందు డిరైలర్ వెనక ఆర్‌డీతో మొదలయ్యే నంబరును, షిఫ్టర్ మీద ఎస్‌ఎల్ లేదా ఎస్‌టీతో మొదలయ్యే నంబరును ఫోటో తీసుకోండి. ఏదీ దొరక్కపోతే క్లిక్కుల్లేని బొటనవేలి లివరు అడగండి. వంతెన ఎక్కేటప్పుడు ఒకటి, ఎదురుగాలికి ఒకటి, మామూలు రోడ్డుకు ఒకటి తప్ప డెల్టాలో గేర్లు మార్చే పని పెద్దగా ఉండదు.