నాచు ట్యాంకులో బ్యాక్టీరియా: శత్రువు అనుకుని చేసే తప్పులు

భీమిలి తీరంలో రొయ్య హేచరీలు నడిపేవాళ్లకు నాచు పెంచడం కొత్తేమీ కాదు. రొయ్య పిల్లలకు మేతగా కీటోసిరాస్, స్కెలిటోనిమా పెంచి పెంచి చెయ్యి తిరిగి ఉంటుంది. అదే చేత్తో బయోడీజిల్ కోసం నానోక్లోరాప్సిస్, క్లోరెల్లా మొదలుపెట్టినప్పుడు హేచరీ అలవాట్లు కూడా వెంట వస్తాయి. మేత నాచు రెండు మూడు రోజుల్లో ఖర్చయిపోతుంది కాబట్టి అక్కడ అవి చెల్లుతాయి. నూనె నాచు వారాల తరబడి నిలబడాలి. బ్యాక్టీరియా విషయంలో లెక్కలు మారేది అక్కడే.

అపోహ: బ్యాక్టీరియా ఎంత తక్కువుంటే నాచు అంత బాగా పెరుగుతుంది

ఆరుబయట ట్యాంకులో పచ్చగా, చక్కగా ఉన్న కల్చర్‌లో కూడా మిల్లీలీటరుకు పది లక్షల నుంచి కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటాయి. అంకె చూసి కంగారు పడక్కర్లేదు. క్లోరెల్లా కణం అడ్డంగా 5 మైక్రాన్లు, బ్యాక్టీరియా 1 మైక్రాన్ అనుకుంటే ఒక్క నాచు కణం ఘనపరిమాణం 125 బ్యాక్టీరియాలతో సమానం. తలలు లెక్కపెడితే ఎక్కువే, తూకం వేస్తే కొంచెమే.

నాచు కణం తను తయారుచేసిన చక్కెరల్లో, సేంద్రియ ఆమ్లాల్లో కొంత బయటికి వదులుతుంది. మొక్క వేరు చుట్టూ మట్టిలో సూక్ష్మజీవులు చేరినట్టే ఆ తీపి పొర చుట్టూ బ్యాక్టీరియా కాపురం పెడతాయి. 1972లో బెల్, మిచెల్ ఈ పొరకు ఫైకోస్ఫియర్ అని పేరు పెట్టారు. ఊరికే తిని కూర్చునేవి కొన్ని ఉంటాయి, బదులు ఇచ్చేవీ ఉంటాయి. బీ12 విటమిన్ సంగతే చూడండి. 2005లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన 326 నాచు జాతులను పరిశీలిస్తే, వాటిలో 171 జాతులకు బీ12 బయటి నుంచి అందాల్సిందేనని తేలింది. దాన్ని నాచు తయారు చేసుకోలేదు, బ్యాక్టీరియా చేస్తాయి. నాచుకు పోషకాలిచ్చే ఎఫ్/2 మీడియంలో లీటరుకు 0.5 మైక్రోగ్రాముల బీ12 కలిపేది ఇందుకే. క్లోరెల్లాలాంటి వాటికి సాధారణంగా ఈ అవసరం ఉండదు. మీ జాతి ఏ గుంపులోదో తెలుసుకున్నాకే విటమిన్ల మీద డబ్బు పెట్టండి.

ఇక బ్లీచింగ్. సముద్రపు నీటిని క్లోరినేట్ చేయడం తప్పు కాదు, చేశాక వదిలేయడమే తప్పు. 20 పీపీఎం కావాలంటే వెయ్యి లీటర్లకు 20 గ్రాముల క్లోరిన్ పడాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడరైతే 67 గ్రాములు. విశాఖ గాలిలోని తేమకు మూతి విప్పిన బస్తాలో బలం త్వరగా పడిపోతుంది. సంచి మీది అంకెను నమ్మి కొలిస్తే 20 అనుకున్నది 10 కూడా ఉండకపోవచ్చు. ఒక రోజు గాలి కొట్టి, మిగిలినదాన్ని థయోసల్ఫేట్‌తో విరిచి, క్లోరిన్ జాడ పట్టే ఆర్థోటాలిడిన్ చుక్క వేసినప్పుడు పసుపు రాకపోతేనే నీళ్లు సిద్ధమైనట్టు.

అలా సిద్ధమైన నీళ్లను ‘శుభ్రంగానే ఉన్నాయిగా’ అని రెండు మూడు రోజులు అట్టే పెడతారు. చచ్చిన జీవుల నుంచి కారిన సేంద్రియ పదార్థం అందులో నిండుగా ఉంటుంది, తినడానికి పోటీ ఉండదు. ఖాళీ బస్సులోకి ముందు దూరేది పరుగెత్తగలవాడే. విబ్రియోలాంటి త్వరగా పెరిగే జాతులు సీట్లన్నీ ఆక్రమిస్తాయి. క్లోరిన్ విరిగిన రోజే ట్యాంకు పరిమాణంలో 10 నుంచి 20 శాతం దాకా, మంచి ఊపులో పెరుగుతున్న నాచు విత్తనం పోయండి. ఆ విత్తనం తన పాత బ్యాక్టీరియాను వెంట తెచ్చుకుంటుంది, సీట్లు వాటికే దక్కుతాయి. ముదిరిన కల్చర్‌ను విత్తనంగా వాడితే ఈ లాభం ఉండదు.

అపోహ: అనుమానం వస్తే కాస్త యాంటీబయాటిక్ వేస్తే సరి

నాచులోని క్లోరోప్లాస్ట్ ఒకప్పుడు బ్యాక్టీరియానే. ప్రోటీన్లు తయారుచేసే దాని రైబోజోములు ఇప్పటికీ ఆ తరహావే. క్లోరాంఫెనికాల్, స్ట్రెప్టోమైసిన్ లాంటివి బ్యాక్టీరియాతో పాటు నాచు పచ్చదనాన్నీ దెబ్బకొడతాయి. క్లోరాంఫెనికాల్‌ మీద మన దేశ ఆక్వా రంగంలో నిషేధం ఉంది కూడా. ల్యాబులో శుద్ధ కల్చర్ తీయడానికి మందు వాడొచ్చు. వేల లీటర్ల ట్యాంకులో వాడితే మిగిలేది మందుకు లొంగని బ్యాక్టీరియానే.

అపోహ: కల్చర్ పడిపోయిందంటే బ్యాక్టీరియా చంపేసినట్టే

చాలాసార్లు కథ తిరగబడి ఉంటుంది. నాచు ముందు చస్తుంది, ఆ శవాల మీద బ్యాక్టీరియా పెరుగుతాయి. మనం చూసేసరికి నీళ్లు తెల్లగా, కంపు కొడుతూ ఉంటాయి, నింద వాటి మీద పడుతుంది.

తేల్చుకోవడానికి మైక్రోస్కోపు చాలు. పైనుంచి ఒక చుక్క, అడుగు మూల నుంచి ఒక చుక్క తీసి, ముందు 100 రెట్లలో చూడండి. పెద్దగా ఈదుతున్నవి కనిపిస్తే రోటిఫర్లు, సిలియేట్లు. అవి నాచును మేస్తాయి, బ్యాక్టీరియాతో సంబంధం లేదు. తర్వాత 400 రెట్లలో నాచు కణాలకు అంటుకున్న గుండ్రటి బుడిపెలు కనిపిస్తే కైట్రిడ్ శిలీంధ్రాన్ని అనుమానించండి. బ్యాక్టీరియా దాడి అయితే కణాలు గుత్తులుగా అతుక్కుంటాయి, లోపలి పచ్చదనం పోయి కొన్ని ఖాళీ డొల్లలుగా మిగులుతాయి. క్లోరెల్లాకు నిజంగా ప్రాణాంతకమైన బ్యాక్టీరియా ఒకటుంది: వాంపైరోవిబ్రియో క్లోరెల్లావోరస్. కణం లోపలికి పోదు, బయట అంటుకుని సారం పీల్చేస్తుంది. పీహెచ్‌ను అసిటేట్ సమక్షంలో కాసేపు 3.5కి దించితే అది చస్తుందనీ, క్లోరెల్లా తట్టుకుంటుందనీ పరిశోధనలో తేలింది. సముద్రపు నాచు మీద దీన్ని యథాతథంగా ప్రయోగించకండి. ముందు లీటరు సీసాలో చూసుకోండి.

అక్టోబరు, నవంబరులో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అప్పుడు తీరం వెంట ప్రవాహం దక్షిణానికి మళ్లి ఉత్తరాది నదుల మంచినీటిని ఇటు తెస్తుంది. తీసుకునే నీటిలో ఉప్పదనం బాగా పడిపోతుంది, వచ్చే సూక్ష్మజీవులూ మారతాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టకుండా ఆ నెలల్లో నీళ్లు ఎక్కించడం గుడ్డి పందెం.

అపోహ: మంచి బ్యాక్టీరియా ఎప్పటికీ మంచిదే

నూనె కోసం నాచు పెంచేవాళ్లు దీని దగ్గర కాసేపు ఆగాలి. ఎమిలియానియా హక్స్‌లీ అనే సముద్రపు నాచుకు ఫీయోబాక్టర్ అనే స్నేహితుడుంది. నాచు లేతగా ఉన్నప్పుడు దాన్ని పెంచుతుంది, వేరే బ్యాక్టీరియా నుంచి కాపాడుతుంది. నాచు ముదిరి పీ-కౌమారిక్ ఆమ్లం వదిలితే, ఆ వాసన పసిగట్టి రోజియోబాక్టిసైడ్లు అనే విషాలు తయారుచేసి అదే నాచును చంపుతుంది. 2011లో బయటపడ్డ సంగతి ఇది. ఆ నాచు బయోడీజిల్ నాచు కాదు, కానీ సూత్రం మనకు సూటిగా తగులుతుంది.

నాచులో నూనె పట్టాలంటే నైట్రోజన్ ఆపి పస్తు పెడతాం. పెరుగుదల ఆగుతుంది, కణాలు కష్టంలో పడతాయి, ఎక్కువ సేంద్రియ పదార్థం కారుస్తాయి. అంతవరకూ కుదురుగా ఉన్న బ్యాక్టీరియా గుంపు ఒక్కసారిగా మారేది ఈ దశలోనే. ‘ఇంకో నాలుగు రోజులుంచితే నూనె ఇంకొంచెం పెరుగుతుంది’ అన్న ఆశతో కోత వాయిదా వేసి ట్యాంకు మొత్తం పోగొట్టుకోవద్దు. నైట్రేట్ కిట్ సున్నా చూపిన రోజు నుంచి లెక్కపెట్టి, రోజూ డొల్లల శాతం రాసుకుంటూ, అది పెరగడం మొదలవగానే కోసేయండి.

అపోహ: రొయ్య చెరువులో పనిచేసిన ప్రోబయోటిక్, బెల్లం ఇక్కడా పనిచేస్తాయి

రొయ్య చెరువులో బెల్లం వేసేది బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియాను లాక్కోవాలని. నాచు ట్యాంకులో ఆ నైట్రోజన్ మన నాచు తిండి. పైగా బెల్లం తిన్న బ్యాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్ పీలుస్తాయి. మధ్యాహ్నం మూడింటికి ఆక్సిజన్ మీటరు ఎంత బాగా చూపినా, తెల్లవారి ఐదింటికి చూస్తేగానీ అసలు సంగతి తెలియదు.

అపోహ: ప్లేటు మీద లెక్కపెడితే బ్యాక్టీరియా సంగతి తెలిసిపోతుంది

బ్యాక్టీరియాను మొలిపించి లెక్కపెట్టే జోబెల్ అగర్ ప్లేటు మీద మొలిచేవి సముద్రపు బ్యాక్టీరియాలో చాలా చిన్న భాగం. పోనీ జన్యువును చదివి బ్యాక్టీరియా జాతులను గుర్తించే 16ఎస్ సీక్వెన్సింగ్ చేయిద్దామంటే, క్లోరోప్లాస్ట్ 16ఎస్ కూడా అందులో వచ్చిపడి సయనోబాక్టీరియా ఉందన్న భ్రమ కలిగిస్తుంది. క్లోరోప్లాస్ట్‌వైన ఆ రీడ్లు (చదివిన జన్యు ముక్కలు) తీసేశారా అని ల్యాబును అడగండి. ఇంకొకటి: నాచుకు అంటుకున్న బ్యాక్టీరియానూ, విడిగా తేలేవాటినీ వేరుచేయడానికి 3 మైక్రాన్ల ఫిల్టరు వాడేటప్పుడు, నానోక్లోరాప్సిస్ కణమే 2 నుంచి 4 మైక్రాన్లని, కొంత నాచు కూడా దాటిపోతుందని మర్చిపోకండి.

అపోహ: కోసేశాక బ్యాక్టీరియాతో పనిలేదు

సెంట్రిఫ్యూజ్ నుంచి వచ్చిన తడి ముద్దను మే నెల ఎండలో డ్రమ్ములో సాయంత్రం దాకా ఉంచితే, నాచు సొంత లైపేజ్‌ ఎంజైములూ బ్యాక్టీరియావీ కలిసి నూనెను కొవ్వు ఆమ్లాలుగా విరగ్గొడతాయి. కొవ్వు ఆమ్లాలు 1–2 శాతం దాటిన నూనెకు డీజిల్‌గా మార్చడానికి క్షారం వేస్తే డీజిల్ బదులు సబ్బు కడుతుంది. అడుగున గ్లిజరిన్ విడిపోకుండా మధ్యలో తెల్లటి మీగడలాంటి పొర నిలబడిపోతే కారణం అదే. ముద్దను కోసిన గంటలోపు ఐసులో పెట్టండి, లేదా అదే రోజు ఆరబెట్టండి. అప్పటికే ఆలస్యమైందనిపిస్తే క్షారం వేసే ముందు ఆమ్ల విలువ చూడండి. ఎక్కువగా ఉంటే ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తో ఒక విడత నడిపి, ఆ తర్వాతే క్షారం దగ్గరికి వెళ్లండి.